కారే ట్యాంకు కలకాలం వర్ధిల్లాలి

కారే డీజిల్ ట్యాంకు ఉన్న ఇల్లు అదృష్టం చేసుకున్న ఇల్లు! ఈ మాట నేనేదో సరదాకి అనడం లేదు. మూడేళ్లపాటు పక్కింటి పిట్టగోడ మీద మోచేతులాన్చి, కళ్లారా చూసి, బాగా ఆలోచించుకుని మరీ రాస్తున్నాను.

మీ ఇంట్లో ట్రాక్టరు ఉందా? ఉంటే దాని ట్యాంకు కారుతోందా? కారడం లేదా! అయ్యో పాపం. మరి మీకు పొద్దెలా గడుస్తోందండీ? సాయంత్రం పూట మీ వాకిట్లోకి మనిషన్నవాడు ఎందుకొస్తాడు? వచ్చినా దేని గురించి మాట్లాడతాడు? చక్కగా నడిచే బండి గురించి నాలుగు ముక్కలు మాట్లాడిన మొనగాణ్ని నేనింతవరకు చూడలేదు.

అదే మా బావని చూడండి. బావ అంటే మా అక్క భర్త. వాళ్లది మా పక్కిల్లే. ఆయనకొక ట్రాక్టరు ఉంది. దాని వయసెంతో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. కొన్నప్పుడు ఎర్రగా ఉండేదని ఆయనంటాడు, కాదు నీలంగా ఉండేదని అక్క అంటుంది. ఇప్పుడు దాన్ని చూస్తే ఇద్దరూ అబద్ధం చెబుతున్నారేమో అనిపిస్తుంది. హారన్ పనిచేయదు, లైట్లలో ఒకటి ఎప్పుడూ నేలవైపే చూస్తుంది. అయినా పిలిస్తే పలుకుతుంది, దున్నమంటే దున్నుతుంది. బావ దాన్ని పేరు పెట్టి పిలవడు కానీ, అప్పుడప్పుడు బానెట్ మీద చెయ్యేసి నిమురుతుంటాడు.

మూడేళ్ల కిందట ఒకరోజు దాని కింద అరచేయంత తడి కనిపించింది. బావ వంగి, వేలు అద్ది, వాసన చూసి, నాలిక చివర ఆనించి, ఇది డీజిలే అని తేల్చాడు. నీళ్లు కావని మాకూ తెలుసు కానీ, ఆ తేల్చడంలో ఒక పెద్దరికం ఉంది. ఆ రోజు నుంచి ఆ ఇంటి దశ తిరిగింది.

ట్యాంకు కారితే బట్టల సబ్బు మెత్తగా చేసి రాయాలని లోకంలో ఒక చిట్కా ఉంది. ఆ పని బావ సాయంత్రం పూట పెట్టుకున్నాడు. పొలం నుంచి వచ్చి, ఇంజిను ఆపి, చేతిలో సబ్బు ముద్దతో ట్రాక్టరు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ట్యాంకు అడుగున వేలితో తడుముతూ ఎక్కడ తడి తగిలితే అక్కడ రాసేవాడు. తెల్లారి చూస్తే ఏముంది? పొడిపొడిగా ఉండేది! ఒక్క చుక్క కారితే ఒట్టు! బావ మొహం చూడాలి అప్పుడు. టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ, దారినపోయే వాళ్లని ఆపి మరీ చూపించేవాడు.

ఇంజిను స్టార్ట్ చేసి పొలానికి వెళ్లొచ్చేసరికి మళ్లీ కారడం మొదలు. ఎండకి సబ్బు కరిగిపోయిందని బావ అనేవాడు. మళ్లీ సబ్బు, మళ్లీ తెల్లారి విజయం. ఇలా మూడేళ్లు! ఏ మగాడికైనా ఇంట్లో వరసగా ఇన్నిసార్లు గెలిచే భాగ్యం దక్కుతుందా? నాకైతే పెళ్లయ్యాక ఒక్కసారి కూడా దక్కలేదు.

లాభాలు అక్కడితో ఆగలేదు. డీజిల్ వాసనకి ఆ వాకిట్లో దోమ వాలదు, చీమ నడవదు. బావ ఒంటికి సెంటు అక్కర్లేదు, ఆయన వీధి మలుపులో ఉండగానే ఇంట్లో కంచం పెట్టేయొచ్చు. ఆయన ట్రాక్టరు వేసుకుని ఎక్కడికెళ్లిందీ ఫోన్ చేసి అడగనక్కర్లేదు. రోడ్డు మీద చుక్కలు పట్టుకుని నడిస్తే ఏ టీ కొట్టు దగ్గర ఎంతసేపు ఆగాడో కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే ఇంజిను ఆపకుండా కబుర్లు చెప్పడం ఆయనకి అలవాటు, అక్కడ చుక్క కాస్త మడుగవుతుంది. మొగుడి ఆచూకీ తెలియక కళ్లల్లో వత్తులేసుకుని కూర్చునే ఇల్లాళ్లు ఈ సౌకర్యం గురించి ఆలోచించాలి.

ఇక వంటింటి సంగతి. చుక్కలు పట్టడానికి మొదట్లో ఒక పాత మూత పెట్టారు. అది చాలక గిన్నె పెట్టారు. గిన్నె చాలక పాలు కాచుకునే తపేలా వెళ్లింది. అక్క కొత్త తపేలా కొనుక్కుంటే నెల తిరక్కుండా అదీ ట్రాక్టరు కిందికే చేరింది. అక్కేమో అంట్లు తోముకునేటప్పుడు సబ్బు కోసం వెతుక్కుని, అది బావ జేబులో ఉందని గుర్తొచ్చి, బూడిదతో తోముకునేది. ఎంత సింపుల్ లైఫో చూడండి!

కానీ అసలు లాభం మనుషులు. ట్యాంకు కారడం మొదలైన వారం లోపు వాకిట్లో ట్రాక్టరు షెడ్డు పక్కనున్న సిమెంటు బల్ల నిండిపోయింది. అందరికంటే ముందు లారీ మామయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లు లారీ తోలి రిటైరైన మనిషి, ఏ బండి చూసినా తన లారీయే గుర్తొస్తుంది. ఆయన వెనకే వీడియో మాస్టారు. బడిలో సైన్సు చెబుతాడు. మీరు తుమ్మితే చాలు, తుమ్ముల మీద ఒక వీడియో తీసి మీ మొహం ముందు పెడతాడు. వీళ్లిద్దరూ ట్యాంకు గురించి మాట్లాడుతుంటే వినడానికి రెండు చెవులు చాలవు. రేకు అలసటని ఒకరు, డీజిల్లో కల్తీ అని ఒకరు. నేనూ వారానికి రెండు మూడుసార్లు వెళ్లి నా అమూల్యమైన అభిప్రాయం చెప్పి వచ్చేవాణ్ని. చెప్పుకోకూడదు కానీ, ఉత్త సబ్బుకి బదులు సబ్బు, బెల్లం కలిపి రాయమన్నది నేనే. దానివల్ల చీమలు మళ్లీ వచ్చాయన్న మాట నిజమే అనుకోండి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పెద్దదేం కాదు. మా అక్కకి నాలుగెకరాల మెరక చేను ఒకటుంది. కింది పొలాలన్నీ బావవి, ఇది మాత్రం అక్క తన చేత్తో చేసుకునేది. మెరక నేల కదా, వాన పడ్డాక మూడంటే మూడు రోజులే దాన్లో పదునుంటుంది. ఆ తడి ఆరేలోపు దున్ని విత్తనం వేశామా, సరే. లేదంటే నేల బిగుసుకుపోయి, దున్నినా పెళ్లలే లేస్తాయి, విత్తనం మొలవదు. కిందటేడు వాన సమయానికి రాక ఆ చేను ఏడాది పొడుగునా ఖాళీగా పడుంది. అక్క అటువైపు నడవడమే మానేసింది. ఈ ఏడు మాత్రం దాన్ని బీడు పెట్టేది లేదని పట్టుబట్టి, మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే ఏరి, పుచ్చువీ నొక్కులవీ తీసేసి, గుడ్డ సంచిలో కట్టి పెట్టుకుంది.

వాన పడింది. మామూలుగా కాదు, రెండు రోజులు నిలిచి కురిసి ఆగింది. మర్నాడు పొద్దున్నే అక్క చేలోకి వెళ్లి, పిడికెడు మట్టి తీసి నలిపి చూసుకుని, సరిగ్గా వచ్చిందని మొహమంతా వెలిగిపోతూ తిరిగొచ్చింది. బావ ట్రాక్టరు తీశాడు.

ఒక్క సాలు పూర్తవలేదు. అన్నాళ్లూ చుక్కలుగా కారింది ఆ రోజు ధారైంది. ఆ ధార పోయి కాలుతున్న సైలెన్సర్ మీద పడింది. గుప్పున తెల్లటి పొగ! బావ భయస్తుడు కాదు, కానీ డీజిలూ వేడీ కలిస్తే ఏమవుతుందో తెలియనంత అమాయకుడూ కాదు. ఇంజిను ఆపి, చల్లారేదాకా ఆగి, మనుషుల్ని పెట్టి బండిని ఇంటికి తోయించుకొచ్చాడు. ఇంకో ట్రాక్టరు అద్దెకు తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. పదును అందరి చేలకీ ఒక్కసారే వస్తుందండీ. ఆ మూడు రోజులూ చుట్టుపక్కల ఏ ట్రాక్టరూ ఖాళీగా ఉండదు.

అలా మొదటి రోజు సభ కూడింది. బల్ల చాలక ఇంట్లోంచి కుర్చీలు తెచ్చారు. లారీ మామయ్య ట్యాంకు మొత్తం పుచ్చిపోయిందన్నాడు. వీడియో మాస్టారు ఎక్కడో పరాయి దేశంలో ఒకాయన ట్యాంకుకి రబ్బరు పూత పూస్తున్న వీడియో చూపించాడు, అది చూడ్డానికే గంట పట్టింది. టీలు అందిస్తూ అక్క ఒక మాట అడిగింది. ఇంజిను ఆపితే కాసేపటికి కారడం ఆగిపోతోంది కదా, మరి చిల్లు ట్యాంకుకే ఉందంటారా అని. అందరూ ఆమె వైపు ఆప్యాయంగా చూశారు. మాస్టారు ఓపిగ్గా, ట్యాంకు అంటే ఏమిటో, అందులో డీజిల్ ఎందుకు పోస్తారో మొదటినుంచీ వివరించాడు. అక్క ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చివరికి, ఈసారి సబ్బు మందంగా పట్టించాలని తీర్మానమైంది. బావ మూడు సబ్బులు వాడాడు. తెల్లారి చూస్తే ఎప్పటిలాగే పొడి! చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

రెండో రోజు పొద్దున స్టార్ట్ చేసి వీధి చివరికి వెళ్లేసరికి మళ్లీ పొగ. బావ వెనక్కొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన అక్క మొహంలోకి చూడలేకపోయాడు. అక్క మాత్రం చేను వైపు చూసింది. పైభాగంలో మట్టి అప్పటికే ఆరి పాలిపోతోంది.

ఇక లాభం లేదని వెల్డర్‌ని పిలిపించారు. ఆయన పొట్టిగా, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, మాట్లాడితే తన సొమ్మేదో పోతుందన్నట్టు ఉండే మనిషి. డీజిల్ ట్యాంకుని ఊరికే వెల్డింగ్ చేస్తే పేలుతుందనీ, ముందు విప్పి, ఖాళీ చేసి, కడిగి, చిల్లు ఎక్కడుందో చూపించాలనీ చెప్పి ఒక పక్కన కూర్చున్నాడు. ట్యాంకు విప్పారు. మూడేళ్ల సబ్బు, బెల్లం, లప్పం పొరలు పొరలుగా గీకితే బకెట్‌డు వచ్చింది. కింద రేకు నిగనిగలాడుతూ బయటపడింది. ట్యాంకు నిండా నీళ్లు పోసి వేలాడదీశారు. అందరూ చుట్టూ చేరి, ఊపిరి బిగబట్టి చూశారు.

ఒక్క చుక్క కారలేదు!

మరి కారదేమిటి? లారీ మామయ్య ముక్కున వేలేసుకున్నాడు. మాస్టారు మాత్రం తడుముకోలేదు. నీళ్లు మందం, డీజిల్ పలచన, అందుకే చిల్లు నీళ్లని ఆపేస్తోందని తేల్చేశాడు. దాని మీద మధ్యాహ్నమంతా వాదన. నేను మాస్టారి పక్షమే. వెల్డర్ సాయంత్రం దాకా విని, లేచి, కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

"చిల్లు చూపిస్తే మూస్తాను. లేని చిల్లు మూయడం నాకు రాదు బాబూ," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కళాహృదయం లేని మనిషి! అలాంటి వాళ్ల వల్లే చర్చలు అర్ధాంతరంగా ఆగిపోతున్నాయి.

మూడో రోజు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే, అక్క ఆ ట్యాంకుని నీళ్లు లేకుండా తుడిచి, ఆరబెట్టి, బావ చేత మళ్లీ బిగింపించి డీజిల్ పోయించింది. పైనా కిందా చుట్టూ పొడిగుడ్డతో తుడిచింది. తర్వాత ఇంట్లోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, ట్యాంకు మీదా పైపుల మీదా మంచు కురిసినట్టు చల్లింది. బావకి అర్థం కాలేదు. ట్రాక్టరుకి పెళ్లిచూపులా అని అడుగుదామనుకున్నాడట, ఆమె మొహం చూసి మానుకున్నాడు. స్టార్ట్ చేయమంది. చేశాడు.

తెల్లటి పౌడరు మీద సన్నటి తడి గీత ఒకటి మొదలైంది. కిందనుంచి కాదు, పైనుంచి! ఇంజిను వాడుకోగా మిగిలిన డీజిల్‌ని తిరిగి ట్యాంకులోకి తెచ్చే రబ్బరు పైపొకటి ఉంటుంది. అది ట్యాంకు పైన, క్లిప్పు కింద, చిటికెన వేలి గోరంత చిట్లింది. అక్కడ కారిన డీజిల్ ట్యాంకు ఒంటి మీదుగా పాకి, అడుగుకి చేరి, అక్కడ చుక్కగా రాలుతోంది. ఇంజిను ఆపితే ఆ పైపులో డీజిల్ రాదు, కాబట్టి కారదు. మూడేళ్లుగా మా బావ సబ్బు రాసింది నిక్షేపంలాంటి రేకుకి! రోజూ తెల్లారి గెలిచింది ఆయన కాదు, రాత్రంతా పడుకున్న ఇంజిను.

అక్క స్పేర్ పార్టుల కొట్టుకి నడిచి వెళ్లి, కొట్టు తెరిచేదాకా బయట నిలబడి, జానెడు పైపు, రెండు క్లిప్పులు తెచ్చింది. బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బావ దున్నుతూ ముందు వెళ్తే, అక్క వెనకాల చాళ్లల్లో గింజలు వేస్తూ నడిచింది. మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగలేదు. పొద్దుగూకేసరికి కింది రెండెకరాలు మంచి పదున్లో పడ్డాయి. పై రెండెకరాలకి వచ్చేసరికి నేల బిగుసుకుంది, నాగలి వేస్తే పెళ్లలు లేచాయి. అయినా అక్క అందులోనూ గింజలు వేసింది. గింజలు మిగుల్చుకుని ఏం చేసుకుంటాను అందిట.

పది రోజులకి చేను మొలిచింది. కింది సగం పచ్చగా, పై సగం బోసిగా. మధ్యలో ఎవరో తాడు పట్టి గీసినట్టు తిన్నగా గీత. ట్యాంకు బాగైపోయాక వాకిట్లో సభలు లేక అల్లాడుతున్న మా వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. అందరం గట్టు మీదకి చేరాం. విత్తనం పాతదన్నాడు లారీ మామయ్య. వాతావరణంలో మార్పులన్నాడు మాస్టారు. పక్షులు తినేసి ఉంటాయన్నాను నేను. అక్క కింది సగంలో వంగి కలుపు తీసుకుంటోంది, తలెత్తలేదు.

బావ అవన్నీ విన్నాడు. తర్వాత గట్టు దిగి, అక్క దగ్గరకి వెళ్లి నిలబడ్డాడు.

"విత్తనం మంచిదే," అన్నాడు, మా అందరికీ వినబడేటట్టే. "రెండు రోజులు నేను తినేశాను. ఆ రెండెకరాలూ నావల్లే పోయాయి."

అక్క నడుం మీద చెయ్యేసుకుని లేచి ఆయన వైపు చూసింది. "సర్లెండి, ఆ చివర పట్టండి," అంది. బావ పంచె ఎగ్గట్టి ఆ చివర కూర్చున్నాడు. మా సభ దానంతటదే చెదిరిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే నాకు మంచి పేరే వస్తుంది. చూడండి, వెటకారంగా మొదలుపెట్టి నీతి చెప్పాడు అంటారు మీరు. కానీ బావ అలా అందరి ముందూ ఒప్పేసుకున్నాక నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ఎందుకంటే మొదటి రోజు, పొగలు కక్కిన ట్రాక్టరు వాకిట్లోకి వచ్చిన పావుగంటకి, ఇంకా లారీ మామయ్యా మాస్టారూ రాకముందే, అక్క పానా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను పత్రికకి రాసుకుంటున్నాను. "తమ్ముడూ, ఆ పైనుండే రబ్బరు పైపు మీద నాకు అనుమానంగా ఉందిరా. నేను చెబితే మీ బావ వినడు, నువ్వొచ్చి చెప్పు, పది నిమిషాల పని," అంది. నేను కాగితం మీంచి తల ఎత్తకుండా, వ్యాసం మధ్యలో ఉన్నానక్కా, సాయంత్రం అందరూ వస్తారుగా, అప్పుడు చూద్దాంలే అన్నాను. ఆమె గుమ్మంలో ఇంకాసేపు నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది.

అన్నట్టు, ఆ వ్యాసం బాగా వచ్చింది. మన ఇళ్లల్లో ఆడవాళ్ల మాట మగవాళ్లెవరూ చెవిన పెట్టడం లేదని కాస్త ఘాటుగానే రాశాను. చాలామంది పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. అక్కకి కూడా ఒక కాపీ ఇచ్చాను. చదివావా అని నిన్న అడిగాను.

కలుపుతో తీరిక చిక్కడం లేదురా అంది.